బిజినెస్ స్కూల్‌కి ఎప్పుడు అప్లై చేయాలి? ఆ "ఎప్పుడు"కి వందేళ్ళ కథ ఉంది



పోయిన వారం రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఆ టైంలో ఫోన్ మోగితే మన ఇళ్ళల్లో ముందు గుండె జారుతుంది కదా, ఎవరికి ఏమైందో అని. వాడు మాత్రం తాపీగా, "అన్నయ్యా, ఈ నెలాఖరుకే క్యాట్. మాక్ టెస్టుల్లో బానే వస్తోంది. క్యాంపస్‌లో జాబ్ కూడా వచ్చింది. ఇప్పుడే ఎంబీఏకి పోనా, రెండేళ్ళు పని చేసి పోనా? ఇంట్లో అమ్మ ఒకటి అంటుంది, నాన్న ఒకటి అంటాడు. నువ్వు చెప్పు" అన్నాడు.

ఈత రానివాణ్ణి పట్టుకుని ఏట్లో లోతెంత అని అడిగినట్టుంది. ఎందుకంటే ఇదే ప్రశ్న నేను ఏడేళ్ళుగా మోస్తున్నాను. ఫైనల్ ఇయర్‌లో క్యాట్ రాశా, 81 పర్సంటైల్ వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత జాబ్. ఆ జాబ్‌లో ఉండగా జీమ్యాట్ రాశా, ఈసారి మంచి స్కోరే వచ్చింది. "ఇంకో ప్రమోషన్ వచ్చాక అప్లై చేద్దాం" అనుకున్నా. తర్వాత "ఇంకో ఏడాది." ఆ తర్వాత జాబే మానేసి ఇదిగో, మీ ముందు కూర్చుని వీడియోలు చేస్తున్నా. జీమ్యాట్ స్కోర్ ఐదేళ్ళు చెల్లుతుంది. నాది వచ్చే మార్చిలో అయిపోతుంది.

కాబట్టి ఈ ఎపిసోడ్ సగం మా తమ్ముడి కోసం, సగం నా కోసం. నాకు తెలిసిన పని ఒకటే, ఏ ప్రశ్నైనా అర్థం కాకపోతే దాని పాత వెర్షన్లు తవ్వి చూడటం. "ఎంబీఏకి సరైన వయసు" అనే మాటని కూడా అలాగే తవ్వాను. తవ్వితే తేలింది ఏంటంటే, ఆ వయసుని ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టలేదు. ఒక్కో చోట ఒక్కో కాలంలో క్లాసులోకి ఎవరు వచ్చి కూర్చున్నారో, వాళ్ళ వయసే తర్వాత రూల్ అయిపోయింది.

1950 వేసవి దగ్గర మొదలుపెడతా. అమెరికాలో ఒమాహా అనే ఊరు. అక్కడి నుంచి 19 ఏళ్ళ కుర్రాడు ఒకడు రైలెక్కి చికాగో వెళ్ళాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూ. వాడు అప్పటికే నెబ్రాస్కా యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశాడు. పదేళ్ళ వయసు దాటీదాటకముందే షేర్లు కొన్నాడు, ఇంటింటికీ పేపర్లు వేశాడు, మంగలి షాపుల్లో పిన్‌బాల్ మెషిన్లు పెట్టి డబ్బు సంపాదించాడు. అంటే మనం అనుకునే బిజినెస్ బుర్ర వాడికి పుట్టుకతోనే ఉంది. ఇంటర్వ్యూ చేసినాయన పది నిమిషాలు మాట్లాడి పంపించేశాడు. నువ్వు ఇంకా చిన్నోడివి, కొన్నేళ్ళయ్యాక రా అన్నట్టు. ఆ కుర్రాడు వారెన్ బఫెట్.

ఈ కథని మోటివేషన్ వీడియోల్లో "చూశారా, హార్వర్డే తప్పు చేసింది" అని ముగించేస్తారు. నాకు ఆసక్తి అక్కడ కాదు. 19 ఏళ్ళంటే చిన్నోడని ఆ ఇంటర్వ్యూ చేసినాయనకి ఎందుకు అనిపించింది? ఎందుకంటే, ఆ స్కూళ్ళు మొదలైన కొత్తలో 20 ఏళ్ళ పిల్లలకి తలుపులు బార్లా తెరిచే ఉండేవి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1881లో జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికవేత్త డబ్బిస్తే పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వార్టన్ స్కూల్ పెట్టారు. అది డిగ్రీ స్థాయి చదువు. ఇంటర్ అయినవాడు బీకాంలో చేరినట్టే. 1900లో డార్ట్‌మత్ కాలేజీలో టక్ స్కూల్ వచ్చింది. పోస్ట్ గ్రాడ్యుయేట్ స్థాయిలో మేనేజ్‌మెంట్ చెప్పిన మొదటి స్కూల్ అదే. వాళ్ళ పద్ధతి చూడండి, మూడేళ్ళు మామూలు డిగ్రీ, తర్వాత రెండేళ్ళు టక్. మధ్యలో ఉద్యోగం అనే మాటే లేదు. డిగ్రీ నాలుగో ఏడాది, బిజినెస్ మొదటి ఏడాది రెండూ ఒకటే. 1908లో హార్వర్డ్ వచ్చింది, ఎంబీఏ అనే డిగ్రీ పేరు అక్కడే పుట్టింది. మొదటి ఏడాది మొత్తం కలిపి వంద మంది కూడా లేరు. మొదటి డీన్ ఎడ్విన్ గే, ఆర్థిక చరిత్ర చెప్పే ప్రొఫెసర్. వ్యాపారం చేసిన మనిషి కాదు. అప్పట్లో వ్యాపారస్తులే "దుకాణం నడపడం కాలేజీలో నేర్పుతారా?" అని నవ్వేవాళ్ళు. మన కోమటి కొట్లో గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టి నేర్పే విద్యకి రెండేళ్ళ కోర్సేంటి అన్నట్టు.

1919లో వాలస్ డోనమ్ అనే ఆయన డీన్ అయ్యాడు. ఆయన హార్వర్డ్‌లో లా చదివినవాడు. లా కాలేజీలో పాత కేసులు పెట్టుకుని వాదిస్తూ నేర్చుకుంటారు కదా, అదే ఇక్కడికి తెచ్చాడు. ఏదో కంపెనీకి నిజంగా వచ్చిన చిక్కుని కాగితం మీద పెడతారు. జవాబు ఉండదు. "నువ్వైతే ఏం చేస్తావ్?" అని ప్రొఫెసర్ అడుగుతాడు. దీన్నే కేస్ మెథడ్ అంటున్నాం.

ఈ చిన్న మార్పుని గుర్తుపెట్టుకోండి. లెక్చర్ క్లాసులో పక్కవాడికి ఏం తెలిసినా తెలియకపోయినా నాకు నష్టం లేదు. కేస్ క్లాసులో పక్కవాడే నా టెక్స్ట్‌బుక్. వాడు ఫ్యాక్టరీ చూసి ఉంటే నాకు ఫ్యాక్టరీ తెలుస్తుంది. వాడు హాస్టల్ మెస్ తప్ప ఏమీ చూడకపోతే, ఇద్దరం కలిసి మెస్ గురించే మాట్లాడుకుంటాం. అంటే అనుభవం ఉన్న విద్యార్థి కావాలనే అవసరం ఆ పద్ధతిలోనే ఇమిడి ఉంది. కాకపోతే అలాంటివాళ్ళు గుంపుగా దొరకాలి కదా. అది ఇంకో పాతికేళ్ళ తర్వాత జరిగింది, అదీ యుద్ధం పుణ్యమా అని.

1944 జూన్‌లో రూజ్‌వెల్ట్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. అందరూ జీఐ బిల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులు చదువుకుంటామంటే ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు ప్రభుత్వమే కడుతుంది, పైన నెలనెలా ఖర్చులకి డబ్బిస్తుంది. అప్పట్లో 500 డాలర్లంటే పెద్ద కాలేజీ ఫీజుకి కూడా సరిపోయేంత. లక్షల మంది కాలేజీల మీద పడ్డారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లోకి వచ్చినవాళ్ళని ఊహించుకోండి. వీళ్ళలో ఓడల మీద పనిచేసినవాళ్ళు ఉన్నారు, మనుషుల్ని నడిపినవాళ్ళు, సరుకు అందకపోతే ఏమవుతుందో ప్రాణాల మీదకి తెచ్చుకుని నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. చాలామందికి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలున్నారు.

అందులో 1949లో బయటికొచ్చిన బ్యాచ్ చాలా ఫేమస్. తర్వాత ఫార్చ్యూన్ మ్యాగజైన్ ఆ బ్యాచ్‌కి డాలర్ల వాన కురిసిన బ్యాచ్ అన్న అర్థంలో ఒక పేరు పెట్టింది. జాన్సన్ అండ్ జాన్సన్‌ని నడిపిన జేమ్స్ బర్క్, జిరాక్స్‌ని నడిపిన పీటర్ మెకొలా, క్యాపిటల్ సిటీస్ అనే మీడియా కంపెనీని కట్టిన టామ్ మర్ఫీ, అందరూ ఆ ఒక్క బ్యాచ్. బర్క్, మర్ఫీ ఇద్దరూ నేవీ నుంచి వచ్చినవాళ్ళే. 1982లో టైలెనాల్ మాత్రల్లో ఎవరో విషం కలిపి మనుషులు చనిపోతే, దేశమంతటా సరుకు వెనక్కి రప్పించిన కంపెనీ అధిపతి ఈ బర్కే. ఇప్పుడు ప్రతి బిజినెస్ స్కూల్‌లో అదొక కేస్.

ఈ బ్యాచ్ వెళ్ళిపోయిన మరుసటి ఏడాదే మన 19 ఏళ్ళ కుర్రాడు ఇంటర్వ్యూకి వచ్చాడు. యుద్ధం చూసొచ్చిన మనుషులతో నిండిన క్లాసులని చూసిన కళ్ళకి ఆ బక్కపల్చటి కుర్రాడు ఎలా కనపడి ఉంటాడు? ఇది నా ఊహే, కానీ నాకు గట్టిగా అనిపిస్తుంది. బఫెట్ తెలివి తక్కువై కాదు, అప్పటికి పోలిక మారిపోయింది. (ఆయన తర్వాత కొలంబియా కేటలాగ్‌లో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ పేర్లు చూసి అక్కడికి అప్లై చేసి, 1951లో మాస్టర్స్ పూర్తి చేశాడు. కొన్ని దశాబ్దాల తర్వాత మర్ఫీ కంపెనీ ఏబీసీ టీవీని కొంటుంటే డబ్బు పెట్టింది ఈ బఫెట్టే. లోకం చిన్నది.)

సరే, సైనికులు చదువుకుని వెళ్ళిపోయారు. తర్వాత రూల్ గట్టిపడిందా? లేదు, మళ్ళీ సడలింది. 1964లో మైఖేల్ బ్లూమ్‌బర్గ్ జాన్స్ హాప్కిన్స్‌లో ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుని అదే ఏడాది నేరుగా హార్వర్డ్‌లో ఎంబీఏలో చేరాడు. ఉద్యోగానుభవం లేదు. 1966కి ఎంబీఏ చేతికొచ్చింది. మా తమ్ముడు ఇప్పుడు చేద్దామనుకుంటున్నది అక్షరాలా అదే. అంటే 1960ల మధ్యలో అమెరికాలో కూడా ఫ్రెషర్‌గా వెళ్ళడం వింతేం కాదు.

ఆ 1964 సంవత్సరాన్ని అక్కడే పట్టుకుని ఉంచండి. ఇప్పుడు మన దేశానికి వద్దాం, ఎందుకంటే సరిగ్గా అప్పుడే మనవాళ్ళు కోడ్ కాపీ చేసుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లో ఉక్కు కర్మాగారాలు లేస్తున్నాయి. ఇంజనీర్లు ఉన్నారు, నడిపేవాళ్ళు కావాలి. మన తెలుగువాళ్ళం ఇక్కడ ముందే ఉన్నాం, వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీ 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. ఐఐఎంలకన్నా ముందు! విశాఖ వాళ్ళు కూడా ఈ సంగతి గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు, అందుకే ఒకసారి గట్టిగా చెబుతున్నా. 1959లో ప్లానింగ్ కమిషన్ కోసం కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి జార్జ్ రాబిన్స్ అనే ప్రొఫెసర్ వచ్చి రిపోర్ట్ ఇచ్చారు, ప్రత్యేకంగా జాతీయ సంస్థ పెట్టమని. ఆఖరికి రెండు వచ్చాయి. 1961 నవంబర్‌లో కలకత్తా, డిసెంబర్‌లో అహ్మదాబాద్. కలకత్తాకి ఎంఐటీ సాయం, అహ్మదాబాద్‌కి హార్వర్డ్ సాయం, వెనకాల ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు. అహ్మదాబాద్‌కి విక్రమ్ సారాభాయ్ పూనుకున్నారు. అవును, మన అంతరిక్ష కార్యక్రమం సారాభాయే.

రెండేళ్ళ పోస్ట్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రాం మొదటి బ్యాచ్ 1964లో చేరి 1966లో బయటికొచ్చింది. అంటే బోస్టన్‌లో బ్లూమ్‌బర్గ్ కూర్చున్న అదే రెండేళ్ళు. ఇంకో తమాషా చెప్పనా? అహ్మదాబాద్ మొదటి బ్యాచ్‌లో సి. కె. ప్రహ్లాద్ ఉన్నారు. ఆయన బీఎస్సీ ఫిజిక్స్ చేసి, 19 ఏళ్ళకే యూనియన్ కార్బైడ్ బ్యాటరీ ఫ్యాక్టరీలో చేరి, నాలుగేళ్ళు పనిచేసి అప్పుడు వెళ్ళారు. అంటే 1964లో అనుభవం ఉన్నవాడు అహ్మదాబాద్‌లో, ఫ్రెషర్ హార్వర్డ్‌లో! మనం ఇప్పుడు "ఇండియన్ మోడల్ అంటే ఫ్రెషర్లు, అమెరికన్ మోడల్ అంటే అనుభవం" అని గీత గీస్తాం కదా, ఆ గీత ఆరోజు లేనే లేదు.

నా భాషలో చెప్పాలంటే, మనం 1961లో రిపోజిటరీని ఫోర్క్ చేసుకున్నాం. తర్వాత ఒరిజినల్ మారిపోయింది. మనం అప్‌డేట్లు లాగలేదు.

ఒరిజినల్ ఎందుకు మారింది? పెద్ద కారణం సంఖ్య. 1970-71లో అమెరికాలో బిజినెస్‌లో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్నవాళ్ళు 26 వేల పైచిలుకు. పదేళ్ళ తర్వాత 57 వేల పైచిలుకు. డబుల్ కన్నా ఎక్కువ. ఊరికొక్క డాక్టర్ ఉంటే ఆయన ఏం చదివాడని అడగం, వీధికొక డాక్టర్ ఉంటే అనుభవం ఎంత అని అడుగుతాం. కంపెనీలు కూడా అలాగే అడగడం మొదలుపెట్టాయి. ఎంబీఏ ఉన్నవాడు కాదు, ముందు ఏదో పని చేసి అప్పుడు ఎంబీఏ చేసినవాడు కావాలని. స్కూళ్ళకి తమ విద్యార్థులకి మంచి ఉద్యోగాలు రావడమే పేరు, కాబట్టి అవీ అటు తిరిగాయి. కేస్ మెథడ్ ఎలాగూ సిద్ధంగా ఉంది, సిద్ధాంతం దొరికిపోయింది. "అనుభవం ఉన్నవాడి వల్లే క్లాస్ బాగుంటుంది" అని.

మన దగ్గర ఈ ఒత్తిడి రాలేదు. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. హిందుస్థాన్ లీవర్ లాంటి కంపెనీలకి 22 ఏళ్ళ కుర్రాళ్ళని మేనేజ్‌మెంట్ ట్రైనీలుగా తీసుకుని తమ పద్ధతిలో మలుచుకోవడమే ఇష్టం. పైగా వడపోతకి ఒక పరీక్ష ఉంది. పరీక్షతో వడపోసే చోట ఎవరు గెలుస్తారు? పుస్తకం చేతిలోంచి ఇంకా జారనివాడు గెలుస్తాడు. ఎంసెట్ రాసిన వేడి తగ్గకముందే క్యాట్ రాసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళకి ట్రైన్ల లెక్కలు, కుళాయిల లెక్కలు చేయమంటే చూడండి, నేను చేసి చూశా కాబట్టి చెబుతున్నా, చేతులు వణుకుతాయి.

ఇక్కడ గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త మాట కూడా వినాలి. 1964లోనే (మళ్ళీ అదే ఏడాది!) ఆయన హ్యూమన్ క్యాపిటల్ అనే పుస్తకం రాశాడు, 1992లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పేదాన్ని మన లెక్కలోకి మారిస్తే ఇలా ఉంటుంది. చదువుకి అసలు ఖర్చు ఫీజు ఒక్కటే కాదు, చదువుకునే రోజుల్లో వదులుకునే జీతం కూడా ఖర్చే. మా తమ్ముడికి వచ్చిన ఆఫర్ ఏడాదికి నాలుగు లక్షలు అనుకోండి, రెండేళ్ళు వదులుకుంటే ఎనిమిది లక్షలు. అదే వాడు 29 ఏళ్ళకి ఇరవై లక్షల జీతం దాకా ఎక్కి అప్పుడు వదిలితే నలభై లక్షలు. పైగా పెరిగిన జీతం అనుభవించడానికి మిగిలే ఏళ్ళు తక్కువ. ఈ లెక్కన ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. మా బాబాయ్ ఎకనామిక్స్ చదవలేదు గానీ వాడికి చెప్పింది సరిగ్గా ఇదే. "ఒకసారి జీతం రుచి తగిలితే మళ్ళీ క్లాసులో కూర్చోబుద్ధి కాదురా" అన్నాడట.

కేస్ మెథడ్ లెక్క ఆగమంటుంది, బెకర్ లెక్క పొమ్మంటుంది. రెండూ కరెక్టే. ఇంట్లో పిన్నికీ బాబాయ్‌కీ జరుగుతున్న గొడవ ఇదే.

ఈ రెండు లెక్కల మధ్య నలిగి, రెండిటికీ రెండు సార్లు ఫీజు కట్టిన మనిషి ఒకరున్నారు. ఇంద్రా నూయి. 1974లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి నేరుగా ఐఐఎం కలకత్తాలో చేరారు. అప్పటికి ఆవిడకి ఇంకా 19 నిండలేదు. 1976లో బయటికొచ్చి మెట్టూర్ బియర్డ్‌సెల్‌లో, జాన్సన్ అండ్ జాన్సన్‌లో పనిచేశారు. 1978లో మళ్ళీ చదువు, అమెరికాలో యేల్‌కి వెళ్ళారు. ఖర్చుల కోసం రాత్రంతా రిసెప్షనిస్ట్‌గా పనిచేశారు, ఇంటర్వ్యూకి సూట్ కొనుక్కోవడం కూడా ఆ డబ్బుతోనే. ఒకే మనిషి, ఇండియా రూల్ ప్రకారం ఒకసారి, అమెరికా రూల్ ప్రకారం ఒకసారి. పెప్సీకోని నడిపిన మనిషి కాబట్టి ఇప్పుడు ఈ రెండూ అందంగా కనిపిస్తాయి. 1978లో పెళ్ళికాని ఆడపిల్లని ఒంటరిగా అమెరికా పంపిన ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టి ఉంటుందో ఆలోచించండి.

ఈ మాట ఊరికే అనట్లేదు. హార్వర్డ్‌లో రెండేళ్ళ ఎంబీఏ మొదటి ఏడాదిలో ఆడవాళ్ళని చేర్చుకున్నదే 1963లో, అదీ ఎనిమిది మందిని. అప్పటిదాకా "సరైన వయసు" అంటే మగవాడి వయసే. తర్వాత రూల్ "నాలుగైదేళ్ళు పనిచేసి రా" అని మారినప్పుడు, ఆ నాలుగైదేళ్ళు ఎవరికి ఎక్కడ పడతాయో ఎవరూ చూడలేదు. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క అవుతుంది, 26 ఏళ్ళకి ఎంబీఏ అప్లికేషన్ ఎస్సేలు రాస్తూ ఉండేది. అదే టేబుల్ మీద పక్కన పెళ్ళి సంబంధాల ఫోటోలు. "చదువు తర్వాతైనా చదువుకోవచ్చు, సంబంధం మళ్ళీ వస్తుందా" అన్నారు. అందరూ ప్రేమగానే అన్నారు. ఆ ఎస్సేలు ఇంకా ఆవిడ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. నాకు "ఇంకో ఏడాది ఆగుదాం" అని ఎన్నిసార్లు అనుకునే సౌకర్యం దొరికిందో, తనకి ఒక్కసారి కూడా దొరకలేదు. బెకర్ గ్రాఫ్‌లో ఈ గీత ఉండదు.

ఇక మన హైదరాబాద్. 1990ల చివర్లో రజత్ గుప్తా, అనిల్ కుమార్ లాంటి మెకిన్సీ వాళ్ళు, పారిశ్రామికవేత్తలు కలిసి ఇండియాలో ప్రపంచ స్థాయి బిజినెస్ స్కూల్ పెట్టాలనుకున్నారు. వేరే నగరాలు కూడా పోటీ పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పట్టుబట్టి గచ్చిబౌలికి తెచ్చారు. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మొదటి బ్యాచ్. కెలాగ్, వార్టన్, లండన్ బిజినెస్ స్కూల్ తోడు. వాళ్ళు చేసిన పని ఏంటి? ఇందాక చెప్పానే, మనం లాగని అప్‌డేట్లు, అవి ఒక్కసారిగా లాగారు. క్యాట్ కాదు, జీమ్యాట్. ఫ్రెషర్లకి కాదు, రెండేళ్ళైనా పనిచేసినవాళ్ళకి. రెండేళ్ళు కాదు, ఒక్క ఏడాది. ఆ ఒక్క ఏడాది అనే ఐడియా యూరప్‌ది. ఫ్రాన్స్‌లో ఇన్సియాడ్ అనే స్కూల్ 1957లో పెట్టారు, మొదటి నుంచీ అక్కడ ఎంబీఏ ఏడాది లోపే. వదులుకునే జీతం సగానికి తగ్గుతుంది కదా. చూడండి, బెకర్ లెక్కకీ కేస్ మెథడ్ లెక్కకీ అక్కడ ఒక రాజీ కుదిరింది.

నేను ఉద్యోగం చేసిన బిల్డింగ్ అక్కడికి దగ్గర్లోనే. రోజూ క్యాబ్‌లో ఆ గోడ పక్కనుంచే వెళ్ళేవాణ్ణి. లోపల నెమళ్ళు తిరుగుతాయని క్యాబ్‌లో ఎవరో ఒకరు ప్రతిసారీ చెప్పేవాళ్ళు. నేను "వచ్చే ఏడాది" అనుకునేవాణ్ణి.

దీని తర్వాత చరిత్ర ఇంకో మలుపు తిరిగింది. మా తమ్ముడికి నిజంగా పనికొచ్చేది ఇదే. 2007లో హార్వర్డ్ టూ ప్లస్ టూ అని ఒకటి ప్రకటించింది. డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే అప్లై చెయ్యి, సీటు ఇప్పుడే ఖాయం చేస్తాం, కానీ రెండేళ్ళు పనిచేసి అప్పుడు రా. తర్వాత చాలా స్కూళ్ళు ఇలాంటివి పెట్టాయి, ఐఎస్‌బీలో కూడా యంగ్ లీడర్స్ ప్రోగ్రాం అని వచ్చింది. ఎందుకు పెట్టారు? మంచి పిల్లలు లా వైపు, గూగుల్ లాంటి కంపెనీల వైపు వెళ్ళిపోయి మళ్ళీ తిరిగి రారేమో అనే భయం ఉంది, నా దృష్టిలో అదే అసలు కారణం. కానీ దానివల్ల జరిగింది ఏంటంటే, వందేళ్ళుగా ఒకటే అనుకున్న ప్రశ్న రెండు ముక్కలైంది. ఎప్పుడు అప్లై చేయాలి అనేది ఒకటి, ఎప్పుడు వెళ్ళాలి అనేది ఇంకొకటి. పరీక్షల వేడి ఉన్నప్పుడు అప్లై చెయ్, చెప్పుకోవడానికి ఏదైనా ఉన్నప్పుడు వెళ్ళు. ఈ సంగతి నా ఫైనల్ ఇయర్‌లో మా కాలేజీలో ఒక్కరికీ తెలియదు. ప్లేస్‌మెంట్ సెల్‌కి కూడా.

అసలు వెళ్ళకుండా చేసినవాళ్ళు కూడా ఉన్నారు. సత్య నాదెళ్ళ, మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరేటప్పటికి ఆయనకి చికాగోలో బిజినెస్ స్కూల్ ఆలోచన ఉంది. ఉద్యోగం వదల్లేదు, చదువూ వదల్లేదు. వారాంతాల్లో సియాటిల్ నుంచి చికాగో ఫ్లైట్‌లో వెళ్ళి చదివి 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. అడోబీ శంతను నారాయణ్ కూడా ఉస్మానియా ఇంజనీర్, ఆయన బర్క్‌లీలో ఉద్యోగం చేస్తూనే 1993లో ఎంబీఏ ముగించారు. వీళ్ళిద్దరికీ "ఎప్పుడు" అనే ప్రశ్నకి జవాబు శనివారం.

ఇంకో మాట, మార్కెట్ గురించి. బయట ఉద్యోగాలు పోతున్నప్పుడు బిజినెస్ స్కూళ్ళకి అప్లికేషన్లు పెరుగుతాయి, ఉద్యోగాలు బాగున్నప్పుడు తగ్గుతాయి. సుందర్ పిచాయ్ వార్టన్ నుంచి బయటికొచ్చింది 2002లో, డాట్‌కామ్ బుడగ పేలాక. గూగుల్‌లో చేరింది 2004లో, మధ్యలో మెకిన్సీ. రే సోయ్‌ఫర్ అని ఒక అమెరికన్ కన్సల్టెంట్ అయితే హార్వర్డ్ ఎంబీఏలనే థర్మామీటర్ చేసుకున్నాడు. ఆ ఏడాది బ్యాచ్‌లో 30 శాతం కన్నా ఎక్కువ మంది స్టాక్ మార్కెట్ చుట్టూ ఉండే ఉద్యోగాల్లో చేరితే షేర్లు అమ్మేయమన్నాడు, పది శాతం కన్నా తక్కువైతే కొనమన్నాడు. నవ్వొస్తుంది గానీ, దాని అర్థం సీరియస్. అంత తెలివైనవాళ్ళు కూడా టైమింగ్‌లో గుంపుగా ఒకేవైపు పరిగెడతారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు ఊగుతున్నాయి కాబట్టి ఈ రెండేళ్ళలో ఎంతమంది నా పక్కన క్యూలో నిలబడతారో నాకు తెలుసు. నా పాత టీంలోనే ముగ్గురు.

తమ్ముడికి ఏం చెప్పానో చెబుతా. క్యాట్ రాయమన్నా, వేడి మీద ఉన్నావు కాబట్టి. పెద్ద ఐఐఎం వస్తే వెళ్ళు, ఆ చదువు 22 ఏళ్ళవాళ్ళ చుట్టూ అల్లింది, అక్కడ నువ్వు చిన్నోడివి కావు. రాకపోతే మొహమాటపడి ఏదో ఒక కాలేజీలో ఫీజు కట్టకు, ఉద్యోగంలో చేరు. కానీ ఈలోపే డిఫర్డ్ అడ్మిషన్ అప్లికేషన్లు ఒకటి రెండు పెట్టు, నీకు ఆ తలుపు ఈ ఒక్క ఏడాదే తెరిచి ఉంటుంది. వాడు అంతా విని, "మరి నువ్వెందుకు చేయట్లేదు అన్నయ్యా?" అన్నాడు.

జనవరి మొదటి వారంలో రెండో రౌండ్ గడువులు. నాకు ఏడు వారాలుంది. ఈసారి దాటితే స్కోర్ పోతుంది, మళ్ళీ పరీక్ష రాయాలి. ఒక్కో కాలేజీకి అప్లికేషన్ ఫీజే ఇరవై వేల దాకా అవుతుందంటే నాన్న ఏమీ అనలేదు, ఎన్ని కాలేజీలు అని మాత్రం అడిగారు. ఆయన వచ్చే జూన్‌లో రిటైర్ అవుతున్నారు. వీడియోలు చేయడాన్ని వాళ్ళు అనుభవం కింద లెక్కేస్తారో, ఖాళీ కింద లెక్కేస్తారో ఎస్సేలో నేనే ఒప్పించాలి. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి రికమెండేషన్ లెటర్. అది నా పాత మేనేజర్ ఇవ్వాలి. నేను మానేసిన రోజు ఆయనతో సరిగ్గా మాట్లాడకుండా వచ్చేశాను, ఆయన కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనకి మెయిల్ రాశాను. మూడుసార్లు దిద్దాను. మొదట "డియర్ సర్" అని ఉండేది, ఇప్పుడు పేరు పెట్టి "గారూ" అని ఉంది.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే టైంకి అది ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. కెమెరా ఆపాక పంపిస్తా.